సెల్లారు నుంచి బడికి ఎంత దూరం?

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో జనరేటర్ పక్కన వాచ్‌మన్ గది ఉంటుంది. పదడుగుల గది. దాని తలుపు మీద సుద్దముక్కతో రాసిన అంకెలు చాలా నెలలు చెరగకుండా ఉండిపోయాయి. పల్స్ పోలియో తర్వాత ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త రాసిన గుర్తులవి. అప్పటికి వాచ్‌మన్ కుటుంబం మా దగ్గర దిగి ఇరవై రోజులు కూడా కాలేదు. రేషన్ కార్డు ఊళ్ళో, ఓటు ఊళ్ళో. అయినా ఆమె ర్యాంపు దిగి, కార్ల మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి, రెండేళ్ళ పిల్లవాడి నోట్లో చుక్కలు వేసి, చిటికెన వేలికి సిరా పెట్టి, తలుపు మీద లెక్క రాసి వెళ్ళింది.

ఆ పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆమె ముందుకి తెచ్చింది వాడి అక్క. ఎనిమిదేళ్ళు నిండిన పిల్ల. ఏ బడికీ వెళ్ళడం లేదు. అది రాసుకోవడానికి ఆశా దగ్గరున్న కాగితంలో గడి లేదు. అది ఆమె పని కాదు.

మరెవరి పనో తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

వాచ్‌మన్‌ది నారాయణపేట వైపు. 2023 దసరా తర్వాత ఊరు వదిలి, హైదరాబాద్ కోకాపేటలో లేస్తున్న టవర్ల కింద రేకుల షెడ్డులో నాలుగు నెలలున్నారు. అక్కడ మేస్త్రీతో కూలి డబ్బుల దగ్గర పేచీ వచ్చి, మియాపూర్ అవతల ఉన్న మా బిల్డింగుకి వచ్చారు. వాచ్‌మన్ కావాలన్నప్పుడు మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వచ్చే మొదటి షరతు "ఫ్యామిలీ ఉండాలి" అని. ఫ్యామిలీ అంటే మా ఉద్దేశం మెట్లు తుడవడానికి ఒక మనిషి, నాలుగైదు ఫ్లాట్లలో అంట్లు తోమడానికి ఒక మనిషి. ఆ ఇద్దరూ ఒకరే, వాచ్‌మన్ భార్య. ఆమె పైఅంతస్తుల్లో పనిలో ఉంటే కింద చిన్నవాణ్ణి ఎవరు చూస్తారన్నది మేమెవరం అడగలేదు.

నేను ఆ పిల్లని రోజూ చూసేదాన్ని. కారు హారన్ వినగానే గేటు తీసేది. కొరియర్ పార్సిల్ పైకి తెచ్చేది. "బడికి పోవట్లేదా?" అంటే నవ్వేది. నేనూ నవ్వి లిఫ్టు ఎక్కేదాన్ని. ఇలా తొమ్మిది నెలలు. ప్రభుత్వాన్ని ఆడిపోసుకునే ముందు ఇది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

మధ్యలో జూన్ వచ్చింది. మన దగ్గర జూన్‌లో బళ్ళు తెరిచే రోజుల్లో బడిబాట జరుగుతుంది. టీచర్లు, పిల్లలు ఫ్లెక్సీ పట్టుకుని ర్యాలీగా తిరుగుతారు, ఇళ్ళకి వెళ్ళి పిల్లల్ని చేర్పించమని అడుగుతారు. మా వీధి చివరి బస్తీలోకి వెళ్ళారు. అపార్ట్‌మెంట్ల వైపు రాలేదు. అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లలు ప్రైవేటు బస్సులు ఎక్కుతారు కదా, సర్కారు బడికి ఎవరొస్తారు అనుకుని ఉంటారు. నిజమే కూడా. ఒకవేళ వచ్చినా గేటు దగ్గర ఆపి "పైకి పోనియ్యం సార్" అనేది ఆ పిల్ల తండ్రే.

ఆ తర్వాత నవంబరు. 2024 కులగణన సర్వే. ఇంటింటికీ స్టిక్కర్ అంటించి, బోలెడన్ని ప్రశ్నలున్న ఫారం నింపుకుని వెళ్ళారు. సర్వే చేసింది చాలా చోట్ల ప్రాథమిక పాఠశాలల టీచర్లే. అందుకోసం ఆ బళ్ళని ఒంటిపూట చేశారు. మా సెల్లారుకి వచ్చినావిడ కూడా టీచరే. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఓపిగ్గా కులం, ఊరు, భూమి, అప్పు అన్నీ రాసుకుంది. చదువు దగ్గరికి వచ్చేసరికి పిల్ల తల్లి "ఊళ్ళె మూడో తరగతి సదివింది" అంది. ఆవిడ రాసుకుంది. ఇప్పుడు ఎక్కడ చదువుతోందని అడగలేదు. అడగకపోవడం ఆవిడ తప్పని నేననను. ఇంకా ఎన్ని ఇళ్ళు మిగిలి ఉన్నాయో ఆవిడ ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ నాకు ఆ దృశ్యం మనసులోంచి పోలేదు. బడి మూసి వచ్చిన టీచరు, బడి లేని పిల్ల, ఇద్దరి మధ్య ఒక ఫారం.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ 1984 నుంచి నల్గొండ జిల్లాలో ప్రాథమిక బడి టీచరుగా (ఎస్‌జీటీ) చేసి రిటైరయింది. నా ఆవేశం అంతా విని "తొమ్మిది నెల్ల నుంచి చూస్తున్నవ్. నువ్వేం జేసినవే?" అంది.

*

అమ్మ మొదట చేరిన బడి ఒకటే గది, ఒకరే టీచరు, ఐదు తరగతులు. వాన పడితే సెలవు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాళ్ళలో వీలైతే ఒక మహిళ, నల్లబల్ల, పటాలు, ఆట సామాను అన్నారు. అమ్మ బడికి లెక్కల కిట్టు ఇనపపెట్టెలో వచ్చింది. పోతే జీతంలో కోస్తారన్న భయంతో హెడ్‌మాస్టరు దానికి తాళం వేసి, ఆ తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడట. ఆ పెట్టె మీద కూర్చుని నేను అన్నం తిన్నాను కానీ లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. అయినా రెండో గది మాత్రం నిజంగానే లేచింది.

1995 తర్వాత హాజరు సరిగ్గా ఉన్న పిల్లలకి నెలకి మూడు కిలోల బియ్యం. సంచులు పట్టుకుని తల్లులు వరస కట్టేవాళ్ళు. ఆ బియ్యం పిల్ల కడుపులోకి ఎంత వెళ్ళేదో ఇంట్లో వాళ్ళకే తెలియాలి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, బియ్యం కాదు, వండి వేడిగా పెట్టండి అని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడిలో పొయ్యి వెలిగింది. ప్రాథమిక తరగతుల పిల్లకి పూటకి వంద గ్రాముల బియ్యం. అమ్మ మాట: "నా సర్వీసులో అన్ని స్కీములు చూసిన. పిల్లల్ని మధ్యాహ్నం దాకా బడిలో కూసోబెట్టింది అన్నమొక్కటే."

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, సర్కారు ఏమీ చెయ్యలేదు అని చేతులు దులుపుకునే రకం వాదన నాకు చిరాకు. చేసింది. చాలా చేసింది. 1994 నుంచి జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ), 2001 నుంచి సర్వశిక్షా అభియాన్, బడికి దూరమైన ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా విద్యాలయాలు. పుస్తకాలు ఉచితం, రెండు జతల బట్టలు ఉచితం. 2022లో "మన ఊరు–మన బడి", మన నగరంలో "మన బస్తీ–మన బడి" పేరుతో 26,065 బళ్ళని మూడు విడతల్లో బాగు చేస్తామని 7,289 కోట్ల రూపాయల అంచనా వేశారు. అదే ఏడాది ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు అచ్చువేశారు. అనుకున్న పనులన్నీ పూర్తి కాలేదు, అది వేరే వ్యాసం. నా జీతంలోంచి కూడా కొంత దీనికి పోతుంది. 2004లో ప్రాథమిక విద్య కోసమని పన్ను మీద 2 శాతం సెస్సు వేశారు. ఇప్పుడది ఆరోగ్యంతో కలిసి 4 శాతమై జీతం పన్ను కాగితంలో ఒక లైనుగా మిగిలింది.

కాబట్టి బడి ఉంది. మా గేటు నుంచి నడిస్తే పది నిమిషాలు. నియమాల ప్రకారం ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. ఆ లెక్కన ఆ పిల్లకి అన్నీ అందుబాటులో ఉన్నట్టే. మా అబ్బాయి బడికి పదకొండు కిలోమీటర్లు ఏసీ బస్సులో వెళ్ళొస్తాడు. దూరం కిలోమీటర్లలో కొలిస్తే మా అబ్బాయే నిర్భాగ్యుడు.

*

డిసెంబరులో ఒక శనివారం ఆ పిల్లని, తల్లిని వెంటబెట్టుకుని ఆ బడికి వెళ్ళాను. బోర్డు మీద "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అని ఉంది. నగరం నడిబొడ్డులో మండల పరిషత్ ఏమిటి అనుకుంటారేమో. మా వైపు ఒకప్పుడు పంచాయతీలు. ఊళ్ళు మున్సిపాలిటీలై, 2007లో నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీలో కలిసినా బడి బోర్డులు మాత్రం ఊరి పేరుతోనే ఉండిపోయాయి. అప్పుడు నవ్వుకున్నాను. ఆ బోర్డులోనే అసలు సంగతి ఉందని తర్వాత తెలిసింది.

హెడ్‌మిస్ట్రెస్ (హెచ్‌ఎం) మేడం మంచావిడ. ముందు పిల్లకి మంచినీళ్ళిచ్చి, తర్వాత మాకు కుర్చీలు చూపించింది. "టీసీ ఉందా?" లేదు. "పుట్టిన తేదీ సర్టిఫికెట్?" లేదు. ఆధార్ ఉంది, అందులో పుట్టిన తేదీ జనవరి 1. మన దేశంలో సగం మంది పేదవాళ్ళు జనవరి 1నే పుడతారు, బ్యాంకులో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆవిడ ఆధార్ నంబరు కొట్టి చూసి నవ్వింది. "ఈ పాప బడి మానేయలేదు మేడం. వాళ్ళ ఊళ్ళో నాలుగో తరగతి చదువుతోంది."

యూడైస్ అని దేశంలోని బళ్ళకి కేంద్రం నడిపే ఆన్‌లైన్ లెక్క ఉంది. కొన్నేళ్ళుగా అందులో బడికి ఇంతమంది అని కాక, పిల్ల పిల్లకీ విడిగా వివరాలు, ఒక శాశ్వత నంబరు. పిల్ల వేరే బడికి మారితే పాత బడివాళ్ళు వదలాలి. వదిలిన పిల్లలు "డ్రాప్‌బాక్స్"లో పడతారు. కొత్త బడివాళ్ళు అందులోంచి తీసుకోవాలి. ఊరి బడివాళ్ళు ఈ పిల్లని వదల్లేదు. చిన్న బడి, పదిహేను మంది కూడా లేరు. ఒక పేరు తగ్గితే ఉన్న పోస్టుకి ముప్పు. దసరాకి పోయిన పిల్ల సంక్రాంతికి వస్తుందనుకున్నారో, వచ్చే జూన్‌కి వస్తుందనుకున్నారో, పేరు ఉంచేశారు. కింది తరగతుల్లో ఎవర్నీ ఫెయిల్ చెయ్యరు కాబట్టి అది నాలుగుకి వెళ్ళింది. పిల్ల ఇక్కడ గేటు తీస్తోంటే, పేరు అక్కడ పాసవుతోంది.

దీనర్థం ఏమిటంటే, ఏ సర్వే నివేదికలోనూ ఈ పిల్ల "బడి బయటి పిల్ల" కాదు. క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు ఏటా తిరిగి తయారుచేసే జాబితాలో ఉండదు. ప్రత్యేక శిక్షణ కేంద్రానికి పంపాల్సిన లెక్కలో రాదు. నూటికి ఇంతమంది బడిలో ఉన్నారని ఎవరైనా గర్వంగా చెబితే, ఆ అంకెలో మా సెల్లారు పిల్ల కూడా ఉంటుంది. ఆ రోజు నుంచి ఎన్‌రోల్‌మెంట్ శాతాలు చదివితే నాకు ఆ జనరేటర్ చప్పుడు వినిపిస్తుంది.

హెచ్‌ఎం చేర్చుకోనని అనలేదు. "ఆన్‌లైన్‌లో ఎక్కకపోతే భోజనం లెక్కలో చూపించలేను, పుస్తకాలు ఇండెంట్ అయిపోయాయి, పరీక్షల్లో పేరు రాదు. వీళ్ళు రెండు నెలల్లో ఇంకో బిల్డింగుకి పోతారు. అప్పుడు డ్రాపౌట్ నా బడి ఖాతాలో పడుతుంది. జూన్‌లో రండి మేడం." ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఐదు తరగతులకి ఆ బడిలో ఉన్నది ముగ్గురు టీచర్లు.

ఇంటికొచ్చి చట్టం ప్రతి వెతికి చదివాను. 2009 విద్యాహక్కు చట్టం. చిన్నదే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. చదవకముందు నేను దాన్ని తిట్టుకునేదాన్ని. చదివాక తిట్టడం మానేశాను. ఆ హెచ్‌ఎం నాతో అన్న ప్రతి అడ్డంకికీ అందులో జవాబుంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు, సెక్షన్ 5. వయసు రుజువు లేదని తిరస్కరించకూడదు, సెక్షన్ 14. గడువు దాటి ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు, సెక్షన్ 15. ఎప్పుడూ చదవని పిల్లయినా వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడింది విడిగా చెప్పాలి, సెక్షన్ 4. ఆధార్ లేదని కూడా పిల్లలకి ఏదీ ఆపకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇది అమ్మకి చదివి వినిపిస్తే, "నువ్వు మీ బ్యాంకుల కేవైసీ లేకుంట అకౌంటు తెరుస్తవా?" అంది.

తెరుస్తాం. అదే చెప్పాను. కాగితాలేవీ లేనివాళ్ళకి "స్మాల్ అకౌంట్" అని ఉంది. ఆఫీసరు ముందు సంతకమో వేలిముద్రో పెట్టి, ఒక ఫొటో ఇస్తే చాలు. ఇంత మించి డబ్బు వెయ్యకూడదు, ఇంత మించి తియ్యకూడదు అని హద్దులుంటాయి. ఏడాదిలో కాగితాలు తెచ్చుకోవాలి, తెచ్చుకునే ప్రయత్నంలో ఉంటే ఇంకో ఏడాది. ముందు తలుపు తెరిచి తర్వాత కాగితం అడగడం రిజర్వ్ బ్యాంకుకే చేతనైంది, డబ్బు విషయంలో! బడికి ఎందుకు చేతకాదు? చట్టం అదే చెప్పింది. కంప్యూటర్ తెరకి మాత్రం ఎవరూ చెప్పలేదు. హెచ్‌ఎం టేబుల్ మీద ఉన్నది చట్టం కాదు, ఆ తెర.

*

రాజ్యాంగం 45వ అధికరణంలో, అమల్లోకి వచ్చిన పదేళ్ళలో పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని రాశారు. అంటే 1960 నాటికి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్ళ వరకు చదువు జీవించే హక్కులో భాగమేనంది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. 2002లో 86వ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. పదేళ్ళ మాట నిలబెట్టుకోవడానికి, అదీ కాగితం మీద, అరవై ఏళ్ళు.

ఆ చట్టంలో నన్ను ఆపేసింది సెక్షన్ 8. "నిర్బంధ" అన్న మాటకి అర్థం అక్కడుంది. నేను ఎప్పుడూ అది తల్లిదండ్రుల మీద నిర్బంధం అనుకునేదాన్ని. బడికి పంపకపోతే పోలీసులొస్తారు అన్నట్టు. కాదు. నిర్బంధం ప్రభుత్వం మీద. పిల్ల చేరేలా, రోజూ వచ్చేలా, ఎనిమిది దాకా పూర్తిచేసేలా చూడటం ప్రభుత్వం బాధ్యత. తర్వాతది సెక్షన్ 9. స్థానిక సంస్థ తన పరిధిలో నివసించే పద్నాలుగేళ్ళలోపు పిల్లల రికార్డు ఉంచాలి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించాలి. అక్షరాలా ఉంది. అంటే ఆశా కార్యకర్త ఫారంలో లేని గడి, 2009 నుంచీ చట్టంలో ఉంది.

మరి అప్పటికి మాకు స్థానిక సంస్థ ఎవరు? జీహెచ్‌ఎంసీ. మా ఫ్లాటు చదరపుటడుగులు దానికి తెలుసు, ఆస్తి పన్ను ఎంతో తెలుసు, చెత్తబండి ఎన్నింటికి రావాలో తెలుసు. కానీ ముంబైలోలాగా మన కార్పొరేషన్ బళ్ళు నడపదు. బళ్ళు విద్యాశాఖవి. బోర్డు మీద మండల పరిషత్, వీధి కార్పొరేషన్‌ది, టీచరు విద్యాశాఖ మనిషి, సెల్లారు అసోసియేషన్‌ది. బడి మీద అజమాయిషీ ఉన్న అధికారిని కూడా స్థానిక సంస్థగా లెక్కించవచ్చని చట్టంలో ఉంది కాబట్టి, మా మీద కాదు వాళ్ళ మీద అని ఎవరికి వాళ్ళు చెప్పుకునే వెసులుబాటు ఉంది. నేను వార్డు ఆఫీసుకి వెళ్ళి పిల్లల రికార్డు గురించి అడిగితే, అక్కడి కుర్రాడు నిజాయితీగా, "బర్త్ సర్టిఫికెటా మేడం? మీసేవకి పొండి" అన్నాడు.

నేను అనేది ఇదొక్కటే. కొత్త పథకం వద్దు. ఈ ఊరికి పిల్లల్ని వెతకడం వచ్చు. పోలియోకి వెతికింది. బస్సు దిగినవాళ్ళని, పైపులైను పక్క గుడిసెల్లో ఉన్నవాళ్ళని, ఇటుక బట్టీల్లో ఉన్నవాళ్ళని వదలకుండా వెతికి, 2014 మార్చిలో దేశం పోలియో లేనిదని అనిపించుకుంది. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే చేసింది. తలుపు మీద సుద్దముక్కతో ఇంకో అంకె రాయడం ఎంత పని? వార్డుకి ఒక మనిషి, ఒక పుస్తకం, ఏడాదికి నాలుగు సార్లు. ఆ మనిషికి పిల్లని అప్పటికప్పుడు బడిలో కూర్చోబెట్టే అధికారం ఉండాలి. కాగితాలు తర్వాత.

తల్లిదండ్రులకి ఇష్టం లేకపోతే ఎవరేం చేస్తారు అని మా ఆఫీసులో అందరూ అంటారు. ఈ మాటకి ఈ నగరంలోనే జవాబు దొరికి ముప్పై ఏళ్ళయింది. సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా, ఎంవీ ఫౌండేషన్ తరఫున 1990ల్లో రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో చేసిన పని అదే. బడికి వెళ్ళని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. పశువుల వెంట తిరిగినా, తమ్ముణ్ణి ఎత్తుకున్నా సరే. పగలు పని, రాత్రి బడి అనే రాజీకి ఒప్పుకోలేదు. శిబిరాల్లో ఉంచి చదువు చెప్పి, వయసుకి తగ్గ తరగతిలో చేర్చారు. పేదవాళ్ళకి చదువు అక్కర్లేదన్నది నిజం కాదని, బడి వాళ్ళని పట్టించుకుంటే పంపుతారని చూపించారు. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత బాలల హక్కుల జాతీయ కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ శిబిరాల చదువు, బ్రిడ్జి కోర్సు అన్నది సర్కారు మాటయింది. ఊరూరా తిరిగి అడిగే మనిషి మాత్రం సర్కారు ఉద్యోగం కాలేదు.

అంతకు చాలా ముందే, 1910లో ఇదే ఊళ్ళో ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డివర్మ దళిత పిల్లల కోసం బడి పెట్టారు. అప్పుడు ఆయన చేసిందీ పిల్లల దగ్గరికి వెళ్ళడమే.

*

నా వాదనలో ఒక బొక్క ఉంది. దాన్ని పిల్ల తల్లే చూపించింది. "బడికి వంపుతనమ్మా. మరి సిన్నోణ్ణి ఎవరు వట్టుకుంటరు?"

అంగన్‌వాడీ దగ్గర్లోనే ఉంది. మూడేళ్ళ లోపు వాళ్ళకి ఇంటికిచ్చే సరుకు తప్ప, పగలంతా ఉంచుకోరు. కేంద్రానికి పాల్నా అని పిల్లల్ని చూసుకునే కేంద్రాల పథకం ఉంది. మా ఏరియాలో నా కంట ఒక్కటీ పడలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి చదువు రావాలంటే రెండేళ్ళ పిల్లవాడికి చోటు కావాలి. విద్యాశాఖ దస్త్రంలో వాడు లేడు, మహిళా శిశు సంక్షేమ శాఖ దస్త్రంలో ఆమె లేదు. ఇద్దరూ ఉన్నది ఒకే చంకలో.

ప్రైవేటు బడివాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. మా వీధిలో రెండంతస్తుల ఇంట్లో నడిచే చిన్న ప్రైవేటు బడి మూడేళ్ళకే నర్సరీలోకి తీసుకుంటుంది. సాయంత్రం దాకా ఉంచుకుంటుంది. తోటి వాచ్‌మన్లు కొందరు జీతంలో మూడో వంతు అక్కడ కడతారు. ఇంగ్లిష్ మోజు అని మనం వెక్కిరిస్తాం. సగం మోజైతే సగం అవసరం. సర్కారు బడి ఐదారేళ్ళు నిండేదాకా ఎదురుచూస్తుంటే, అప్పటికి పిల్ల యూకేజీ అయిపోయి, టై కట్టుకుని ఉంటుంది.

ప్రైవేటు బళ్ళు పేద పిల్లలకి ఇవ్వాల్సిన 25 శాతం సీట్ల సంగతి అడుగుతారు కాబట్టి ఒక మాట. ఆ సీట్ల గురించి విద్యాహక్కు చట్టంలో ఉన్న సెక్షన్ 12 తెలంగాణలో ఏళ్ళ తరబడి అమలు కాలేదు, కోర్టుల్లో నలిగింది. ఆంధ్రప్రదేశ్ 2022–23లో మొదలుపెట్టింది. అమలు కావలసిందే, చట్టం కాబట్టి. కానీ అది మొదటి తరగతిలోనో నర్సరీలోనో చేరేవాళ్ళకి, సమయానికి దరఖాస్తు పెట్టగలిగినవాళ్ళకి. నాలుగో తరగతి వయసులో ఊరు మారిన పిల్లకి దానితో పని లేదు. టీవీ చర్చలన్నీ ఆ పాతిక శాతం చుట్టూ తిరుగుతుంటే నాకు విసుగు.

*

చివరికి ఎలా జరిగిందంటే, చట్టం వల్ల కాదు, అమ్మ వల్ల. అమ్మకి తెలిసిన రిటైర్డు టీచరు ఒకాయన నారాయణపేటలో ఉన్నారు. ఆయన ఊరి బడికి ఫోన్ చేసి చెప్పారు. వాళ్ళు పేరు వదిలారు. జనవరిలో పిల్ల ఇక్కడ నాలుగో తరగతిలో ఎక్కింది. చిన్నవాణ్ణి తమ ఫ్లాటు వరండాలో ఉంచుకుంటానని రెండో అంతస్తు ఆంటీ ముందుకొచ్చారు, మధ్యాహ్నం దాకా. దానికి గ్రూపులో కొందరు మూతి విరిచారు. పిల్ల మొదటి నెల వారానికి మూడు రోజులు, తర్వాత ఐదు రోజులు వెళ్ళింది. గేటు మేమే దిగి తీసుకోవలసి వచ్చింది. తెలుగు బాగానే చదివేది, తీసివేతల దగ్గర అప్పు తీసుకోవడం మర్చిపోయింది. ఏప్రిల్‌లో నాకు రిపోర్ట్ కార్డు చూపించింది. ఐదుకి పాస్.

ఒక పిల్ల బడిలో చేరడానికి బ్యాంకు ఉద్యోగి ఒకరు, రిటైర్డు టీచర్లు ఇద్దరు, ఇద్దరు హెచ్‌ఎంలు, రెండో అంతస్తు ఆంటీ కావలసి వచ్చింది. పరిచయాలతో పనయిందని సంతోషించాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు.

ఆగస్టులో ఓవర్‌హెడ్ ట్యాంకు రెండుసార్లు పొంగింది. మోటారు ఆపడం మర్చిపోయాడని గ్రూపులో గొడవ. వాచ్‌మన్‌ని మార్చాలని సెక్రటరీ మెసేజ్ పెట్టారు. ఇరవై ఎనిమిది మంది బొటనవేలు పెట్టారు. నేను పెట్టలేదు. అలాగని వద్దనీ రాయలేదు. ఆ వారం ఆడిట్ టెన్షన్‌లో ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆదివారం కిందికి దిగేసరికి గది ఖాళీగా ఉంది. బ్యాగు, పుస్తకాలు తీసుకెళ్ళినట్టున్నారు. బాచుపల్లి వైపు కొత్త బిల్డింగులో కుదిరాడని ఎదురు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చెప్పాడు, ఏ బిల్డింగో తెలియదట.

పోయిన వారం హెచ్‌ఎం మేడం ఫోన్ చేసింది. "మేడం, పాప నెల రోజుల నుంచి రావడం లేదు. డ్రాప్‌బాక్స్‌లో వెయ్యమంటారా? వేస్తే వేరే బడివాళ్ళు తీసుకోడానికి వీలవుతుంది. వెయ్యకపోతే నా దగ్గరే ఉంటుంది."

రెండు రోజులు ఆగండి మేడం, కనుక్కుని చెబుతాను అన్నాను. వాళ్ళ నంబరు స్విచాఫ్ వస్తోంది. ఈ ఆదివారం స్కూటీ మీద బాచుపల్లి వెళ్ళి తొమ్మిది సెల్లార్లు చూశాను. నాలుగింటిలో పిల్లలున్నారు, ఆమె లేదు.